మూడు బారల కయాక్: రేణిగుంట రోడ్డు షెడ్డు నుంచి తూపిలిపాలెం దాకా

ఏప్రిల్ 28

నాది బోరు మోటార్లకు రీవైండింగ్ చేసే షాపు. ముప్పై ఏళ్లుగా నీళ్లంటే నాకు వెయ్యి అడుగుల లోతు నుంచి పైకి లాగే నీళ్లే. తిరుపతిలో పుట్టి పెరిగాను. చిన్నప్పుడు నీళ్ల మీద తేలేది ఏదైనా చూశానంటే అది ఫాల్గుణంలో కొండ మీద పుష్కరిణిలో జరిగే తెప్పోత్సవమే. ఐదు రోజులూ నాన్న భుజాల మీద కూర్చుని దీపాల తెప్పను చూసేవాణ్ని. మాకు సముద్రం లేదు. చెన్నై వెళ్లినప్పుడు మెరీనాలో పాదాలు తడుపుకోవడం వరకే.

రెండేళ్ల కిందట బంధువుల పెళ్లికి వెళ్లి, మరుసటి రోజు పొద్దున చెన్నైకి దక్షిణంగా ఉన్న కోవళం బీచ్‌లో ఒక గంట కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, అద్దెకి తీసుకున్నాను. పైన కూర్చునే ప్లాస్టిక్ రకం. అంతకు ముందు ఎక్కిన పడవల్లో నీళ్లు ఎక్కడో కింద ఉండేవి, నేను చూసేవాణ్ని. ఇందులో నీళ్లు నా నడుము పక్కనే ఉన్నాయి. చెయ్యి వేలాడేస్తే మణికట్టు దాకా మునుగుతుంది. ఒక చిన్న అల కింద నుంచి వెళ్తుంటే అది నా వెన్నులో తెలిసింది. ఆ గంట అయిపోయాక కూడా రెండు రోజులు పడుకుంటే మంచం ఊగుతున్నట్టే ఉండింది.

ఆ రెండు రోజుల ఊపు ఇప్పటికీ తగ్గలేదు కాబట్టి, షాపు వెనక రేకుల షెడ్డులో నేనే ఒక సీ కయాక్ కట్టబోతున్నాను. కొంటే కొత్తది లక్ష దాటుతుందన్నారు. కానీ డబ్బు ఒక్కటే కారణం కాదు. మోటారు విప్పి చూడకుండా నాకు దాని మీద నమ్మకం కుదరదు. పడవ కూడా అంతే.

మే 3

ప్లాన్ ఒకటి కొన్నాను. పొడవు 5.1 మీటర్లు, వెడల్పు 58 సెంటీమీటర్లు. కూర్చునే చోటు తప్ప పైనంతా మూసి ఉంటుంది. సముద్రానికి వెళ్లే కయాక్ సన్నగా, పొడుగ్గా ఎందుకుంటుందో చదివితే తెలిసింది: పొడుగ్గా ఉంటే దారి తప్పకుండా సూటిగా పోతుంది, అదే బలంతో ఎక్కువ దూరం పోతుంది. చెరువులో తిరిగే పొట్టి రకం తేలిగ్గా మలుపు తిరుగుతుంది గానీ గాలిలో నిలవదు.

ఇది మొదట కట్టినవాళ్లు ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యుయిట్లు. కొట్టుకొచ్చిన కర్రలు, తిమింగలం ఎముకలతో చట్రం, దాని మీద సీల్ చర్మం. వాళ్ల దగ్గర టేపు లేదు. ఎవరి పడవ వాళ్ల ఒంటి కొలతే: పొడవు మూడు బారలు (బార అంటే రెండు చేతులూ చాపినంత), వెడల్పు తుంటికి అటో పిడికిలి ఇటో పిడికిలి. అది చదవగానే లేచి గోడకు ఆనుకుని చేతులు చాపాను. మా అమ్మాయి కొలిచింది. నా బార 168 సెంటీమీటర్లు. మూడు బారలు 504. ప్లాన్‌కి ఆరు సెంటీమీటర్లే తేడా. మా తాత మోకుని బారలతోనే కొలిచేవాడు.

మే 11

ప్లైవుడ్ దగ్గరే మొదటి దెబ్బ. మెరైన్ ప్లైకి మన దగ్గర ఐఎస్ 710 అని ప్రమాణం ఉంది. నాలుగు మిల్లీమీటర్ల షీట్లు మూడు కావాలి. ఒక దుకాణంలో ఆ ముద్ర ఉన్నవే తెచ్చాను. అంచు కోసి చూస్తే మధ్య పొరలో వేలు దూరేంత ఖాళీలు. ఒక ముక్క కోసి పాత గిన్నెలో వేసి పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉడకబెట్టాను. పొరలు ఆకుల్లాగా విడిపోయాయి. అసలు ప్రమాణం ప్రకారం 72 గంటలు మరిగించినా జిగురు వదలకూడదు. వెనక్కి ఇచ్చేసి, రెండో చోట కొనేముందే ముక్క అడిగి తెచ్చుకుని ఉడికించాను. అది మూడు రోజులూ నిలిచింది. ఈ పని చేసేవాళ్లు ఎవరైనా సరే, ముద్రను నమ్మొద్దు, గిన్నెను నమ్మండి.

మే 19

షీటు పొడవు ఎనిమిది అడుగులే కాబట్టి అతుకు వేయాలి. అంచుల్ని మందానికి ఎనిమిది రెట్లు ఏటవాలుగా, అంటే 32 మిల్లీమీటర్లు, చిత్రికతో చెక్కి ఒకదాని మీద ఒకటి అతికించాలి. పొరలు మెట్లు మెట్లుగా, గీతలు సూటిగా కనిపిస్తే వాలు సరిగ్గా వచ్చినట్టు. మొదటిది వంకరపోయింది. రెండోది కుదిరింది.

మే 24

ఈరోజు షెడ్డులో బల్లపరుపు చెక్క పడవైంది.

ఈ పద్ధతిని కుట్టి అతికించడం అంటారు. 1960ల మొదట్లో ఇంగ్లండులో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ దీనివల్లే ఇళ్లలో కట్టుకునేంత ప్రచారంలోకి వచ్చింది. అచ్చు అక్కర్లేదు, లోపల పెద్ద చట్రం అక్కర్లేదు. పలకల అంచుల వెంట నాలుగు అంగుళాలకో రంధ్రం చేసి తీగతో కుట్టేయాలి. ఆ తీగ రాగిదై ఉండాలి. నా షాపులో దొరకనిది ఏమైనా ఉందేమో గానీ రాగి తీగ మాత్రం కాదు. పాత మోటారు నుంచి విప్పిన 18 గేజి తీగ వాడాను.

అడుగు పలకలు రెండింటినీ పుస్తకంలా ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక అంచు కుట్టాను. తెరిచాను. పక్క పలకలు పెట్టి కుట్టుకుంటూ పోతుంటే చెక్క దానంతట అదే వంగి, రెండు కొసలూ పైకి లేచాయి. మా అమ్మ మధ్యాహ్నం టీ తెచ్చి గుమ్మంలో నిలబడి చూసి, "దొప్ప కుట్టినట్టే ఉండాదే" అంది. నేను ఇన్ని రోజులు చదివినదాని కంటే ఆ మాటే ఈ పద్ధతిని బాగా చెప్పింది. ఆకు మడిచి పుల్ల గుచ్చితే గిన్నె అవుతుంది. చెక్క మడిచి తీగ గుచ్చితే పడవ అవుతుంది.

మే 27

ఎపాక్సీతో గొడవ. హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు అది, అతుకుకీ పూతకీ అదే. మధ్యాహ్నం రెండు గంటలు, షెడ్డులో 41 డిగ్రీలు. హార్డెనర్ కలిపి మగ్గులో అర లీటరు చేశాను. ఆరు నిమిషాలకి మగ్గు చేతికి వేడి తగిలింది. ఎనిమిదో నిమిషానికి పొగ. బయటికి విసిరేశాను. పసుపు రంగు రాయి అయిపోయింది. గట్టిపడేటప్పుడు ఎపాక్సీ తనే వేడి పుట్టిస్తుంది. లోతైన మగ్గులో ఆ వేడికి బయటికి దారి ఉండదు, ఇంకా వేగంగా గట్టిపడుతుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పోసుకోవాలి, వంద గ్రాములకి మించి కలపకూడదు.

సరే చల్లగా ఉంటుందని తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టాను. ఇదీ తప్పే, కానీ ఎందుకు తప్పో తెలియడానికి మూడు రోజులు పట్టింది. పొద్దెక్కేకొద్దీ చెక్క వేడెక్కుతుంది. చెక్క గుల్లల్లో గాలి వ్యాకోచించి బయటికి వస్తూ తడి ఎపాక్సీలో బుడగలు పొడుస్తుంది. మొత్తం అడుగంతా ఆవగింజంత బుడగలు. అదంతా ఉప్పుకాగితంతో గీకాల్సి వచ్చింది. పూత వేయాల్సింది సాయంత్రం, చెక్క చల్లారుతున్నప్పుడు. అప్పుడు గాలి లోపలికి ముడుచుకుంటుంది, ఎపాక్సీని కూడా తనతో లోపలికి లాక్కుంటుంది. వైండింగ్‌కి వార్నిష్ పట్టించేటప్పుడు కాయిల్‌ని ముందుగా వేడి చేసి ముంచుతాం కదా, అదే సూత్రం. ముప్పై ఏళ్లుగా చేతికి తెలిసిందే, బుర్రకి ఆలస్యంగా తట్టింది.

జూన్ 16

కుట్ల మధ్య చెక్కపొడి కలిపిన ఎపాక్సీ ముద్దతో మూలలు నింపి, తీగలు లాగేసి, లోపలా బయటా ఫైబర్ గ్లాస్ గుడ్డ వేశాను. గుడ్డ తడిసి కనిపించకుండా పోయినప్పుడు చెక్క గీతలు తడి రాయిలాగా మెరుస్తాయి. ఆ పూట షాపు కట్టేసి తొమ్మిది దాకా దాని పక్కనే కూర్చున్నాను.

ఎపాక్సీ ఆరేలోపు చదువుతున్నాను. ఓస్కార్ స్పెక్ అనే జర్మన్ 1932లో ఉల్మ్ దగ్గర డాన్యూబ్ నదిలో మడిచే కయాక్ దించాడు. సైప్రస్‌లో రాగి గనుల పని వెతుక్కుంటూ బయలుదేరినవాడు అక్కడ ఆగలేదు. ఏడేళ్లకి, 1939లో, ఆస్ట్రేలియా చేరాడు. యుద్ధం మొదలై ఉంది కాబట్టి దిగగానే శత్రు దేశస్థుడని నిర్బంధించారు. మధ్యలో మన పడమటి తీరం దిగి, సిలోన్ వెళ్లి, తూర్పు తీరం వెంబడి ఉత్తరానికి వెళ్లాడు. అంటే మన ముందు నుంచే. 2011 నుంచి 2016 దాకా శాండీ రాబ్సన్ అనే ఆస్ట్రేలియా ఆవిడ అదే దారిలో ప్రయాణించింది. మా అమ్మాయికి చదివి వినిపిస్తే, "మన పడవ దించబోయే తూపిలిపాలెం తీరం ముందు నుంచి కూడా పోయుంటాడా నాన్నా?" అని మ్యాపు తీసింది. ఆ రోజు నుంచి కాలేజీ వదలగానే షెడ్డుకొచ్చి గీకుడు పని తనే అందుకుంది.

జూలై 20

డెక్, అంటే పైకప్పు, వేశాను. ముందు వెనక అడ్డగోడలు కట్టి గాలి చొరబడని గదులు చేశాను, తిరగబడినా తేలాలి కదా. రాగి తుక్కు తూచే కాటా మీద పెడితే 24 కిలోలు. ఇద్దరం తేలిగ్గా మోయగలం. కూర్చునే చోటులోకి, అంటే కాక్‌పిట్‌లోకి, నీళ్లు రాకుండా నడుముకి కట్టుకునే స్ప్రే స్కర్ట్‌ని బ్యాగులు కుట్టే ఆయన రెయిన్‌కోటు గుడ్డతో, ఎలాస్టిక్‌తో కుట్టిచ్చాడు. ముందు వైపు పట్టుకుని లాగే పట్టీ ఎర్ర రంగుది వేయించాను. ప్రాణం దానిమీదే ఆధారపడుతుంది.

ఆగస్టు 10

తెడ్డు కోసం మాధవమాల వెళ్లాం. ఏర్పేడు దగ్గర ఆ ఊళ్లో ఇంటింటా కొయ్య చెక్కుతారు. ఏడుకొండలవాడి విగ్రహాలు, ద్వారపాలకులు. తెలిసిన ఆచారిగారికి గ్రీన్‌లాండ్ తెడ్డు బొమ్మ చూపించాను. మామూలు కయాక్ తెడ్డుకి గరిటెల్లాంటి వెడల్పు ఆకులుంటాయి. దీని ఆకులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఆయన బొమ్మని చాలాసేపు చూసి, "కొలత?" అన్నారు.

"మనిషిది ఒక బార, దాని మీద ఒక మూర" అన్నాను.

ఆయన పని ఆపి నా వైపు చూశారు. "ఎవురు చెప్పినారు ఇది?"

"గ్రీన్‌లాండ్ వాళ్లండీ. మంచు దేశం."

"అట్లయితే వాళ్లు మనవాళ్లే" అన్నారు. తర్వాత ఆకు వెడల్పు పిడికిట్లో పట్టినంతే ఉండాలని, పట్టుకునే చోటు భుజాల వెడల్పని చెబుతుంటే ఆయనకి ఇంక వివరించాల్సిన పని లేకపోయింది. ఒంటి కొలతతో రూపం దింపడం ఆయన రోజూ చేసే పని. పైన్ చెక్క ఎంచుకున్నారు, తేలికని. మధ్యలో వెన్ను ఉంచి అంచులకి పలచగా దింపుతూ, ప్రతి పది నిమిషాలకీ నా చేతికిచ్చి ఊపమన్నారు. 213 సెంటీమీటర్లు. సాయంత్రానికి అయిపోయింది. డబ్బు తీసుకునే ముందు, నీళ్లలో అది ఎట్లా పలుకుతుందో వచ్చి చెప్పమన్నారు.

నవంబర్ 9

వానలు. ఈ నెలలో మన తీరంలో కయాక్ మాట ఎత్తకూడదు. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. 2021 నవంబర్‌లో రాయలచెరువు కట్టకు గండి పడుతుందని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. అందుకే ఈ నెలంతా ఈతకొలనులో, జనం రాకముందు, పొద్దున్నే తిరగబడడం నేర్చుకుంటున్నాం.

ఇది రాయాల్సినంత రాయాలి, ఎందుకంటే కయాక్ అంటే ఇష్టం పుట్టడానికీ, ఒకసారి ఎక్కి మానేయడానికీ మధ్య ఉన్నది ఇదేనని నాకు అనిపిస్తోంది. లోపల కూర్చుని స్కర్ట్ బిగించుకున్న ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన ఒకటే: తిరగబడితే ఇందులోనే ఇరుక్కుపోతానా? ఆ టెన్షన్ ఉన్నంత సేపూ నడుము బిగుసుకుని ఉంటుంది. నడుము బిగిస్తే పడవ ఇంకా ఊగుతుంది. పక్కన నీళ్లు ఎంత అందంగా ఉన్నా కంటికి కనిపించవు.

నేను మొదటిసారి తలకిందులైనప్పుడు చేతులతో పైకి రావడానికి కొట్టుకున్నాను. ముక్కులోకి నీళ్లు. చేయాల్సింది దానికి ఉల్టా: ముందుకు వంగి ముఖం డెక్‌కి ఆనించాలి, ఎర్ర పట్టీ లాగాలి, తుంటి పక్కన చేతులు ఆనించి ప్యాంటు విప్పినట్టు పడవని ఒంటి మీద నుంచి తోసేయాలి. మూడు నాలుగు సెకన్ల పని. పదో సారికి కళ్లు తెరిచి చేయగలిగాను. మా అమ్మాయికి రెండోసారికే వచ్చింది. తర్వాత తను కావాలనే తిరగబడి, తలకిందులుగా ఉండి, డెక్ మీద మూడుసార్లు దబదబా కొట్టి అప్పుడు బయటికి వస్తోంది. నీళ్ల కింద పడవ కడుపు ఆకాశంలా కనిపిస్తుందట. తను కయాకింగ్‌ని ఇష్టపడింది తేలి కాదు, మునిగి.

తిరిగి ఎక్కడం ఇంకో వారం. తెడ్డు ఒక కొసకి గాలి దిండు కట్టి, రెండో కొస కాక్‌పిట్ వెనక అడ్డంగా పట్టుకుంటే పడవకి పక్క కాలు వచ్చినట్టు అవుతుంది. దాని మీద మడమ వేసి, బోర్లా పాకి, కాళ్లు లోపలికి దోపి, తిరిగి కూర్చోవాలి. తర్వాత చేతి పంపుతో నీళ్లు తోడాలి. ఒళ్లంతా గీసుకుపోయింది. ఇప్పుడు నిమిషంన్నరలో ఎక్కుతున్నాను.

డిసెంబర్ 21

చెరువులో దించాం. కల్యాణి డ్యామ్ దగ్గరే గానీ అది తాగునీళ్లది, అక్కడ ఆ ఆలోచనే చేయకూడదు. మా అత్తగారి ఊరి చెరువు నిండింది. చేపలు పాట పాడుకున్నవాళ్లని అడిగి, వాళ్ల వలలకి దూరంగా తిరుగుతామని మాటిచ్చాం. కట్ట మీద ఊరంతా నిలబడింది. మాధవమాల తెడ్డు నీళ్లలోకి దిగితే చప్పుడే లేదు. ఆచారిగారికి ఫోన్ చేసి చెప్పాను.

జనవరి 18

పులికాట్. దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు. అభయారణ్యం కాబట్టి అటవీ శాఖవాళ్లని అడిగి, తడ వైపు పడవల రేవు దగ్గర, స్థానిక పడవాయన వెంట రాగా తిరిగాం. చాలా చోట్ల లోతు నడుము దాటదు. సముద్రానికి ముందు ఇంతకన్నా మంచి బడి ఉండదు. గాలికి పడవ ముక్కు ఎటు తిరుగుతుందో, పొట్టి అలల్లో తుంటి ఎట్లా వదులుగా ఉంచాలో అన్నీ ఇక్కడే నేర్చుకోవచ్చు.

మా బావ ఇన్నాళ్లూ కారు మీద పడవ కట్టడానికే వచ్చేవాడు. నీళ్లంటే ఆయనకి పెద్ద ఆసక్తి లేదు. ఈరోజు ఒక చుట్టు తిరిగి రమ్మని కూర్చోబెట్టాం. దూరంగా నీళ్లలో గులాబీ గీతలా ఫ్లెమింగోలు. దగ్గరికి పోకూడదు, బెదిరి లేచాయంటే వాటి మేత పోతుంది. బావ తెడ్డు అడ్డంగా ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. నలభై నిమిషాలు. ఇంజన్ చప్పుడు లేదు, పక్షులు ముక్కుతో బురద జల్లించే చప్పుడు మాత్రం వినిపించిందట. ఒడ్డుకొచ్చి, "బావా, వచ్చే ఆదివారం మళ్లీ పోదామా?" అన్నాడు. అడ్డపంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది.

ఫిబ్రవరి 22

తూపిలిపాలెం. శ్రీహరికోటకి ఉత్తరాన. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో జాలర్లు కూడా సముద్రంలోకి పోకూడదు కాబట్టి ముందే కనుక్కున్నాం. మెరైన్ పోలీసులకి, ఊరి పెద్దలకి చెప్పి, ఐదున్నరకి ఇసుక మీద ఉన్నాం. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కయాక్ చుట్టూ తిరిగి చేత్తో తట్టి చూశాడు. చిన్నప్పుడు ఆయన దుంగలు కట్టిన తెప్ప మీద పోయేవాడట. ఇప్పుడంతా ఫైబర్ బోట్లు, ఇంజన్లు. తెప్పలో నీళ్లు ఇటు నుంచి వచ్చి అటు పోతాయి, అందుకే అది మునగదు. దీంట్లోకి నీళ్లు రావు, అందుకే ఇది మునగదు. ఆ తేడా ఆయనే చెప్పాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు: "పొద్దున గాలి నేల మీంచి వస్తాది సారూ. అప్పుడు నీళ్లు నున్నగా ఉంటాయి. బాగుందని పోతానే ఉంటావు. తిరిగినప్పుడు తెలుస్తాది." గాలి ఒడ్డు నుంచి వీస్తే తీరం దగ్గర అలలు లేవవు, కానీ తెలియకుండానే లోపలికి తోసేస్తుంది. వేసవి పడమటి గాలికైతే ఇంకా ప్రమాదం. అందుకే లైఫ్ జాకెట్, విజిల్, తాటాకు టోపీ, ఒడ్డుకి అర కిలోమీటరు దాటకూడదనే నియమం. తీరం వెంట పోయేటప్పుడు మొదట గాలికి ఎదురు వెళ్లి, తిరిగేటప్పుడు దాని సాయం తీసుకోవాలి.

అలలు గుంపులుగా వస్తాయి. నాలుగు పెద్దవి పోయాక కాసేపు సద్దుమణుగుతుంది. ఆ సందు చూసి తోశాం. మొదటి అల రొమ్ముకి కొట్టింది. రెండోది నెత్తి మీద నుంచి పోయింది. మూడోది విరగకముందే ఎక్కి దిగాను. అంతే, ఆ తర్వాత చప్పుడంతా వెనక ఉండిపోయింది.

అక్కడ సముద్రం ఊపిరి తీసుకుంటున్నట్టు లేస్తుంది, దిగుతుంది. దిగినప్పుడు ఒడ్డు కనిపించదు, లేచినప్పుడు సరుగుడు చెట్లు, ఇసుక మీద బావ ఎర్ర తువ్వాలు. పొద్దు ఎదురుగా నీళ్లలోంచి వస్తోంది. కోవళంలో వెన్నుకి తెలిసినదే మళ్లీ తెలిసింది, ఈసారి దుంగలాంటి ప్లాస్టిక్ గుండా కాదు, నేను కుట్టిన నాలుగు మిల్లీమీటర్ల చెక్క గుండా. నాకు ఏడుపొచ్చింది. పక్కన అద్దె కయాక్‌లో ఉన్న మా అమ్మాయి ఏమీ అనలేదు, తెడ్డు నా డెక్ మీద ఆనించి పట్టుకుంది.

దిగేటప్పుడు తిరగబడ్డాను. ఒడ్డు దగ్గర అల వెనక నుంచి అందుకుని పడవని అడ్డం తిప్పేసింది, ఇసుకలో భుజం కొట్టుకుంది. అల వైపు ఒరగాలి, నేను ఒడ్డు వైపు ఒరిగాను. వంగాను, ఎర్ర పట్టీ లాగాను, నడుము లోతు నీళ్లలో లేచి నిలబడ్డాను. భయం వేయలేదు. పెద్దాయన అరుస్తున్నాడు: "ఇవతలకి రా, పడవకి సముద్రం పక్కకి రా!" నీళ్లు నిండిన పడవ రెండొందల కిలోల బరువు. దానికీ ఒడ్డుకీ మధ్య నిలబడితే కాళ్లు విరుగుతాయి. ఇది ప్రతి ప్లాన్‌లోనూ పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఫిబ్రవరి 24

నష్టం: అడుగు మధ్య గీత వెంట గుడ్డ ఒక జానెడు లేచింది. సాయంత్రం చల్లారాక కోసి, ఎపాక్సీతో పట్టీ వేశాను. భుజం తగ్గుతోంది. బావ రోజూ ఫోన్ చేసి గాలి ఎటు ఉందని అడుగుతున్నాడు.

షెడ్డు గోడ మీద మే నెలలో నా కొలత గీసిన పెన్సిల్ గీత కింద ఈరోజు ఇంకో గీత పడింది. మా అమ్మాయిది బార 158, మూర 42. ఆదివారం మూడు షీట్లు తేవాలి. గిన్నె పొయ్యి మీదకి ఎక్కింది.